పలకకు తలంటు

పొగకొండ నగరం, ఎగువ వీధి. శీతకాలపు నలభై రోజుల కొలత.
రాస్తున్నది: నూకరత్నం, కరెంటు మండలి ఎండ గుమాస్తా.

రోజు 1

మంచు విడిన సమయం పదీ ఇరవై. మళ్ళీ కమ్మిన సమయం ఒకటీ నలభై. మధ్యలో ఉన్నదాన్ని ఎండ అనడం మా ఊరి మర్యాద. కొండ దిగువన దాన్ని నీడ అంటారు.

ఎండ గంట మోగగానే వీధంతా మేడలెక్కింది. తడి బట్టలు, వడియాల పళ్ళేలు, ఒళ్ళో పిల్లలు. పలకలకు అడ్డంగా నిలబడవద్దని పద్నాలుగు మేడల మీదా పద్నాలుగు సార్లు అరిచాను. ప్రతి ఇంటికీ పన్నెండు సోలార్ పలకలు. వాటితోనే నీళ్ళు కాగాలి, అన్నం ఉడకాలి, గది వెచ్చబడాలి. మరో దారి లేదు.

నియమం ఇది. నలభై రోజుల్లో రోజుకు సగటున ఆరు యూనిట్లు రావాలి. అంటే మొత్తం రెండు వందల నలభై. రాకపోతే ఆ ఇంటి పలకలు ఊడదీసి ఎండ బాగా తగిలే వేరే వాలుకు తరలిస్తారు. ఇల్లు ఎవరూ లాక్కోరు. కానీ కరెంటు లేని ఇంట్లో ఈ చలికి వారం కూడా ఉండలేరు కనుక ఆ ఇంటివాళ్ళు మూట కట్టుకుని దిగువ శిబిరానికి పోతారు.

ఆరేళ్ళ క్రితం ఈ వీధిని సర్వే చేసింది నేనే. రోజుకు తొమ్మిది యూనిట్లు వస్తాయని రాశాను. అందరూ నవ్వారు. చలి పలకకు మేలు చేస్తుందనీ, ఎండ కాస్త తక్కువైనా చల్లగా ఉన్న పలక మండుటెండలో కాలే పలక కంటే బాగా పనిచేస్తుందనీ చెప్పి, నా అంచనా మీద ఇక్కడ ఇళ్ళు కట్టించాను. మొదటి ఏడాది తొమ్మిది వచ్చింది. తర్వాత ఎనిమిది. తర్వాత ఏడు. పోయిన ఏడాది ఆరూ నలభై. అవన్నీ వీధి సగటులు, ఇంటింటికీ విడిగా కొలవడం ఈ ఏడాదే మొదలు.

రోజు 4

మూడో నంబరు ఇల్లు, దాలమ్మ. మీటరు నాలుగూ అరవై.

దాలమ్మకు అరవై దాటాయి. నా కంటే పెద్దది కనుక అక్కను పిలిచినట్టు అప్పా అంటాను. ఆమె భర్త పెంటయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎనిమిదేళ్ళ క్రితం దిగువ శిబిరంలో వడదెబ్బ తగిలి పడిపోయిన మనిషి. ప్రాణం దక్కింది గాని నాలుక మందమైంది, కుడిచెయ్యి వణుకుతూనే ఉంటుంది. ఇంకోసారి వేడి తగిలితే బతకడని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఆ కాగితాన్ని దాలమ్మ దేవుడి పటం వెనక దాచింది. శిబిరంలో ఈ పుష్యంలోనే నలభై ఒక్క డిగ్రీలు. వైశాఖంలో యాభై.

"ఎంతొచ్చిందేటి రత్నమ్మా?" అంది దాలమ్మ.

చెప్పాను.

"నాలుగంటే తక్కువే కదేటి?"

"తక్కువే అప్పా."

"మరి నువ్వున్నావు కదా," అని లోపలికెళ్ళి టీ తెచ్చింది. నేనుంటే ఎండ పెరుగుతుందని ఆమె నమ్మకం. టీ చల్లారింది.

రోజు 9

మూడో ఇంటిని పూర్తిగా తనిఖీ చేశాను. వైర్లు: బాగున్నాయి. బ్యాటరీ: బాగుంది. పలకల వంపు: సరిగా ఉంది. చెట్టు నీడ: లేదు. పగుళ్ళు: లేవు. మురికి: లేదు. నిజానికి దాలమ్మ పలకలను అద్దంలా తుడుస్తుంది. అంత శుభ్రం నా వంటగదిలో లేదు.

నా పెట్టెతో మేడ మీద ఎండ కొలిచాను. పెట్టె పైన ఒక గాజు కన్ను ఉంటుంది, దాని మీద పడినంత ఎండను అంకెగా చూపిస్తుంది. ఎండ సరిపడా ఉంది. తొమ్మిది యూనిట్లకు సరిపోయే ఎండ పైన పడుతోంది, కింద నాలుగున్నరే దిగుతోంది. మిగతాది ఎక్కడికి పోతోందో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగానికి ఇది అవమానం.

మిగతా ఇళ్ళూ అంతే. నాలుగున్నర, నాలుగూ డెబ్బై, నాలుగూ ఎనభై.

రోజు 13

ఏడో నంబరు ఇల్లు. ఎనిమిదీ తొంభై.

తప్పేమోనని మళ్ళీ చూశాను. ఎనిమిదీ తొంభైయే. ఆ ఇంట్లో ఉండేది గవరమ్మ ఒక్కతే. పలకలు బిగించిన పదిహేను రోజులకే భర్త పోయాడు. అవే పలకలు, అదే వాలు, అదే మంచు.

వీధిలో మాటలు అప్పటికే పుట్టాయి. గవరమ్మ పక్కింటి తీగకు కొక్కెం వేసిందట. ఎండను మందు పెట్టి లాగుతోందట. మొదటిది తనిఖీ చేయడం నా విధి. రెండోదానికి మా మండలి ఫారం అచ్చు వేయించలేదు.

గోడలు తడిమాను, తీగలు లెక్కపెట్టాను, నేల కూడా తట్టి చూశాను. ఏమీ లేదు. గవరమ్మ అడ్డు చెప్పకుండా అన్నీ చూపించి, చివర్లో వేడి ఉలవచారు గ్లాసులో పోసి ఇచ్చింది.

"దొంగతనం దొరికిందేటి?"

"లేదు."

"మా ఇంటికి పండక్కీ పబ్బానికీ ఒక్క మనిషి రాదు రత్నమ్మా. కరెంటొక్కటే వస్తాది. దానిక్కూడా ఏడుస్తారేటి ఈలు?"

నాకు సిగ్గేసింది. ఉలవచారు బాగుంది.

రోజు 17

మండలి నుంచి శేషగిరి ఫోన్. నా పై అధికారి, నా కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, మర్యాదస్తుడు.

"మేడమ్, పదమూడు ఇళ్ళు పోయేలా ఉన్నాయి కదా. శిబిరానికి లారీలు ఇప్పుడే చెప్పమంటారా?"

"నలభై రోజులు కాలేదు."

"కాలేదనుకోండి. అంకెలు చూస్తే..."

"అంకెలు నేను చూస్తున్నాను బాబూ," అని పెట్టేశాను. ఇంతవరకూ పై అధికారి ఫోన్ నేను ముందు పెట్టేసింది లేదు.

రోజు 24, ఆదివారం

మంచు తొందరగా విడింది. తొమ్మిదీ యాభై.

గవరమ్మ మేడ మీద కొలత తీసుకుంటున్నాను. ఆమె చాలాసేపు తటపటాయించి అడిగింది.

"ఒక మాట అడగాల. మీ రూల్లో ఏటుందో సెప్పు. అందరి పలకలకీ బొట్లున్నాయి. నా పలకలే బోసిగా ఉన్నాయి. మొగుడు పోయినదాన్ని, నాను బొట్టు ఎట్టొచ్చా, ఎట్టకూడదా?"

అలాంటి రూలు లేదని చెప్పబోయి, తలెత్తి చూశాను. మూడు మేడల అవతల దాలమ్మ ఆదివారం పూజ చేస్తోంది. ఒక్కో పలక నడిమధ్యన అరచెయ్యంత పసుపు రాసి, దాని మీద మూడు కుంకం బొట్లు పెడుతోంది. ఆ పక్క మేడ మీద ఇంకొకామె. ఆ పక్కన మరొకామె. నేనెక్కి దిగిన పదమూడు మేడల మీదా ఆ పసుపు ఉంది. రోజూ చూశాను. చూసి "మురికి: లేదు" అని రాశాను. బొట్టును మురికి అని ఎవరైనా రాస్తారా?

గవరమ్మ పలక మీద నా అరచెయ్యి ఆనించి ఉంచి, ఆమెను కిందికెళ్ళి మీటరు చూడమన్నాను.

"పడిపోనాది!" అని అరిచింది. చెయ్యి తీశాను. "లేసింది!"

పలకలో గడులన్నీ వరసగా కలిపి ఉంటాయి. బావి నుంచి ఇంటిదాకా మనుషులు నిలబడి బిందెలు అందించుకుంటున్నారనుకోండి, నడిమధ్య ఒక్కడు చేతులు కట్టుకుంటే ఇంటికి నీళ్ళు రావు. ఇక్కడ పన్నెండు పలకల్లోనూ నడిమధ్యవాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పైగా నీళ్ళలో కలిపిన పసుపు మంచుకు కారిపోతోందని వీళ్ళు ఆముదంలో కలిపి రాస్తున్నారు. ఆరేళ్ళ ఆదివారాలు పొర మీద పొర పేరుకుని పెచ్చు కట్టాయి. దాలమ్మ పలకను అద్దంలా తుడిచేది, ఆ పెచ్చు చుట్టూ.

పరుగున వెళ్ళాను. అప్పా, ఈ పసుపు తుడిచేస్తే నీ ఇల్లు నిలబడుతుందని చెప్పాను. ఆమె పళ్ళెం కింద పెట్టింది.

"బొట్టు సెరిపీమంటావా? మా ముసలోడు బతికుండగా నా సేత్తో బొట్టు సెరిపీమంటావా రత్నమ్మా?"

"ఆయన బతకాలనే చెప్తున్నాను."

"నువ్వే కదా ఎట్టినావు మొదలు!"

నిజమే. పలకలు బిగించిన రోజున మండలివాళ్ళు ఫోటో తీస్తామన్నారు. కొత్త వస్తువు, శుభమా అని మొదలుపెడుతున్నామని నేనే పసుపు తెప్పించి, మండలి కోటు వేసుకుని, వీధిలో ప్రతి ఇంటి పలకకూ నడిమధ్యన పెట్టాను. కొబ్బరికాయ కొట్టాను. తర్వాత గుడ్డతో పలక తుడిచి చూపించి, "వారం వారం ఇలాగే చేసుకోండి" అన్నాను. వాళ్ళు మొత్తం చూశారు, మొత్తం చేశారు. ఒక్క వారం కూడా తప్పలేదు.

రోజు 25

వీధి పెద్దలందరూ దాలమ్మ ఇంట్లో చేరారు. గవరమ్మ గడప బయటే నిలబడింది. నేను లెక్క చెప్పాను. ఈ రోజే తుడిస్తే గట్టెక్కుతాం. ఒక్కరూ కదల్లేదు.

గవరమ్మ బయటినుంచే అంది. "నాను తుడుస్తాను. నాకింకేటి పోతాది?"

దాలమ్మ గిరుక్కున తిరిగింది. "నోరు ముయ్యి. నీ సేత తుడిపించి ఆ పాపం నాను మొయ్యాలేటి? లోపలికి రా ముందు, సలిలో నిలబడ్డావు."

గవరమ్మ లోపలికొచ్చింది. అంతకుమించి ఏమీ తేలలేదు. అప్పుడు పెంటయ్య కిటికీ దగ్గర నుంచి ఏదో అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. దాలమ్మ దగ్గరికి వెళ్ళి చెవి పెట్టి, మాకు చెప్పింది.

"తలంటు పొయ్యండి అంటన్నాడు."

ఆయన మళ్ళీ మెల్లగా, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పాడు. తలంటు పోసుకున్నప్పుడు బొట్టు పోతాది. అది సెరపడం అవుద్దేటి? నీలు పోసుకుని మల్లీ ఎట్టుకుంటాం. అయినా పసుపు గడపకి రాస్తాం గాని తలుపు నడిమిన రాస్తామేటి? పలకకీ అంచు ఉంది కదా.

అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. ఆరేళ్ళుగా ఆయన్ను ఎవరూ సలహా అడగలేదు, నాతో సహా.

"అయితే తలంటు ఇప్పుడే పోద్దాం," అని లేచాను.

దాలమ్మ కూర్చోమంది. "కొత్తగా తలంటు పోసీది ఏ రోజు పడితే ఆ రోజు పోస్తారేటి? నాలుగు రోజుల్లో రథసప్తమి. సూర్యుడి పుట్టినరోజు. ఆ రోజే."

దాలమ్మ పుట్టిల్లు అరసవల్లి పక్క. రథసప్తమి దగ్గర ఆమెతో వాదించడం గోడకు తల కొట్టుకోవడమే. నాలుగు రోజులంటే ఇంటికి పదిహేడు యూనిట్ల దాకా నష్టమని చెప్పాను, బతిమాలాను, కోప్పడ్డాను కూడా. లాభం లేకపోయింది. తప్పు చెయ్యడానికి నాకు అర నిమిషం పట్టింది, దిద్దడానికి మంచి రోజు కావాలి.

రోజు 29, రథసప్తమి

ఇప్పటివరకు దాలమ్మ ఇంటి మొత్తం నూట ముప్పై ఒకటి. ఇంకా కావలసింది నూట తొమ్మిది. మిగిలినవి పన్నెండు రోజులు.

తెల్లవారుతూనే మేడలన్నిటి మీదా గోరువెచ్చని నీళ్ళు, కుంకుడు పులుసు, సున్నిపిండి. జిల్లేడు ఈ చలికి మొలవదు, చిక్కుడాకులతో సరిపెట్టారు. ముందు పలకకు నూనె పెట్టారు (నేను అరవబోయి ఆగాను), పెచ్చు నానాక సున్నిపిండితో రుద్దారు. దాలమ్మ రుద్దుతుంటే గవరమ్మ నీళ్ళు పోసింది. "తల్లీ, కళ్ళు మూసుకో," అని దాలమ్మ పలకతో అంది. పొరలు ఊడి నురగతో కలిసి పచ్చగా కారాయి.

తర్వాత మెత్తటి గుడ్డతో తుడిచి, అంచు రేకు మీద పసుపు రాసి బొట్లు పెట్టారు. గవరమ్మ పలకలకూ పెట్టారు. ఎట్టొచ్చా అని ఆమె మళ్ళీ అడగలేదు, దాలమ్మ చెయ్యి పట్టుకుని పెట్టించింది.

మూడో ఇల్లు, మధ్యాహ్నం రెండు గంటలకు: తొమ్మిదీ పది.

నాకు ఏడుపొచ్చింది. సంతోషమే. ఆరేళ్ళ క్రితం నేను రాసిన అంకె అది.

రోజు 33

మూడో ఇంటి మీటరు తొమ్మిదీ ఇరవై. వీధిలో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. వడియాలు పంపించారు.

రోజు 37

మంచు విడలేదు. ఎండ గంట మోగలేదు. మేడల మీద నిలబడి అందరూ పైకి చూశారు. మీటరు ఒకటీ ఇరవై.

రోజు 40

దాలమ్మ ఇంటి మొత్తం: రెండు వందల ముప్పై ఒకటిన్నర.

ఎనిమిదిన్నర తక్కువ. ఒక్క మంచి రోజు చాలేది. మిగతా పన్నెండు ఇళ్ళూ అటూ ఇటూగా అంతే.

దాలమ్మకు నేనే చెప్పాను. ఆమె అరవలేదు, నన్ను అనలేదు. దేవుడి పటం వెనకనుంచి డాక్టరు కాగితం తీసి, "ఇది సూపిస్తే దిగువోళ్ళు నీడ గది ఇస్తారేటి?" అని అడిగింది. దిగువన నీడ గదులు లేవు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పెంటయ్య కిటికీలోంచి మంచును చూస్తున్నాడు.

రోజు 41

నియమాల పుస్తకం మొదటినుంచి చదివాను. పద్నాలుగో నియమం: మండలి ఉద్యోగి చర్య వల్ల పలకకు అడ్డు ఏర్పడితే, ఆ అడ్డు ఉన్న రోజులు ఇంటి లెక్కలోకి రావు. స్తంభాలూ తీగలూ తప్పుగా పాతే వాళ్ళ కోసం రాసిన నియమం అది. అడ్డు ఉన్న ఇరవై ఎనిమిది రోజులు తీసేస్తే మిగిలేవి పన్నెండు. సగటు ఎనిమిది దాటుతుంది. పదమూడు ఇళ్ళూ నిలుస్తాయి.

పదిహేనో నియమం: ఆ ఉద్యోగిని కొండ మీది కొలువు నుంచి తీసేసి దిగువ శిబిరానికి పంపాలి.

రుజువు కోసం వెతకనక్కర్లేదు. మండలి గోడ మీదే వేలాడుతోంది. కోటు వేసుకున్నాను, చేతిలో పసుపు పళ్ళెం, బొటనవేలు పలక నడిమధ్యన ఉంది, ఫోటోలో నవ్వుతున్నాను. దాలమ్మ పక్కన నిలబడి శ్రద్ధగా చూస్తోంది.

నివేదిక రాసి శేషగిరికి ఇచ్చాను. చదివి తలుపు వేశాడు.

"మేడమ్, నాలుగు నెలల్లో రిటైరవుతారు. కొండ మీదే ఇల్లొస్తుంది మీకు. బొట్టు పెట్టడం కూడా ఒక తప్పేనా? ఎవరైనా పెడతారు. ఆచారం అని రాసేద్దాం."

"ఆచారం అని రాస్తే తప్పు వాళ్ళదవుతుంది బాబూ."

"మీకు యాభై ఎనిమిదేళ్ళు. కింద ఎండ..."

"ఎండ సంగతి నాకు తెలియదా," అన్నాను. నవ్వాడు గాని కళ్ళు తుడుచుకున్నాడు. నాకు భయంగానే ఉంది. ఆ సంగతి నివేదికలో రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను.

రోజు 52

ఉత్తర్వు వచ్చింది. పదమూడు ఇళ్ళకు పలకలు ఉంటాయి. నాకు లారీ పదకొండింటికి.

వీధంతా కిందికి దిగింది. ఎండ గంట మోగినా ఎవరూ మేడ ఎక్కలేదు. గవరమ్మ సీసాలో ఉలవచారు పోసి ఇచ్చింది. దాలమ్మ నన్ను పట్టుకుని, "నాకోసం ఎల్లిపోతన్నావేటే" అని గట్టిగా ఏడ్చింది. నా తప్పు కోసం వెళ్తున్నానని చెప్పాను. వినిపించుకోలేదు.

పెంటయ్యను కుర్చీతో సహా గుమ్మం దాకా మోసుకొచ్చారు. కుంకం భరిణె ఆయన ఒళ్ళో ఉంది. ఎండ కొలిచే నా పెట్టెను దగ్గరకు తెమ్మని సైగ చేశాడు.

"అంచు మీద," అన్నాడు నన్ను చూస్తూ. ఈసారి నాకు అర్థమైంది.

కుంకంలో వేలు ముంచి గాజు కంటి చుట్టూ ఉన్న రేకు మీద పెట్టబోయాడు. చెయ్యి వణికింది. బొట్టు గాజు నడిమధ్యన పడింది. ఆయన చూసుకోలేదు, సరిగ్గానే పెట్టాననుకుని తృప్తిగా వెనక్కి వాలాడు. దాలమ్మ చూసి నా వైపు చూసింది. నేను పెట్టె మూత వేశాను.

దిగువ శిబిరం, రోజు 1

నలభై మూడు డిగ్రీలు. ఆకాశంలో మబ్బు లేదు. నేల మీద నీడ లేదు. ఇక్కడ కొలవడానికేమీ లేదని అందరూ అంటారు. అయినా నియమం ప్రకారం పెట్టెను బల్ల మీద పెట్టి, మూత తీసి, మధ్యాహ్నం పన్నెండు గంటల అంకె తీసుకున్నాను.

రావలసిన దాంట్లో సగం కూడా రాలేదు. పొగకొండ అంకెలా ఉంది.

గుడ్డ చేతిలోనే ఉంది. పెంటయ్య బొట్టు తుడవలేదు.

ఆ అంకెనే పుస్తకంలో ఎక్కించి, పక్కన "అడ్డు: లేదు" అని రాసి సంతకం చేశాను.